"లాభం లేదు" అంటే ఏమిటి? తీవ్ర లోపాలతో పుట్టిన బిడ్డల వైద్యం, సరిహద్దు ఊళ్ల చిక్కులు

రెండేళ్ల క్రితం, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో ఒక మందుల దుకాణం ముందు నిలబడి ఉంటే, ఒక పెద్దావిడ నా చేతిలో కాగితం పెట్టింది. ఆసుపత్రి వాళ్లు రాసిచ్చిన చీటీ అది. తెలుగులో లేదు, ఒడియాలో లేదు, డాక్టర్ల ఇంగ్లీషు గొలుసుకట్టు రాతలో ఉంది. మనవడు పుట్టి ఒక రోజు దాటింది. నోట్లో పాల చుక్క వేస్తే ఉక్కిరిబిక్కిరి అవుతున్నాడు, నీలంగా మారుతున్నాడు. "ఒకాయన లాభం లేదన్నాడు బాబూ. ఇంకొకాయన బరంపురం తీసుకెళ్లమన్నాడు. లాభం లేనప్పుడు బరంపురం ఎందుకు?" అని అడిగింది.

ఆవిడ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత తెలిసిన డాక్టర్లను, నర్సులను, ఇలాంటి బిడ్డల్ని పెంచుతున్న తల్లుల్ని అడిగి చూస్తే ఒక సంగతి అర్థమైంది. మన ఆసుపత్రి వరండాల్లో వినిపించే "లాభం లేదు" అనే రెండు మాటలకు కనీసం మూడు అర్థాలు ఉన్నాయి. ఒకటి, ఏ వైద్యం చేసినా బిడ్డ బతకదు. రెండు, బతుకుతుంది కాని వైకల్యంతో బతుకుతుంది. మూడు, బతికించే వైద్యం ఉంది, కాని ఇక్కడ లేదు. ఈ మూడూ వేరు వేరు సంగతులు. మొదటిది వైద్యశాస్త్రం చెప్పేది, రెండోది విలువలను బట్టి తేల్చుకోవలసింది. మూడోదాన్ని తేల్చేవి రోడ్డు, డబ్బు, కార్డు. చెప్పేవాళ్లు ఏ అర్థంలో చెబుతున్నారో, వినేవాళ్లు ఏ అర్థంలో వింటున్నారో ఎవరూ విడమరచరు.

లోపం ఎలా వస్తుంది, ఎవరి తప్పు

బిడ్డ కడుపులో పెరిగేటప్పుడే ఒక అవయవం నిర్మాణంలోనో, పనితీరులోనో, జన్యువుల్లోనో తేడా రావడాన్ని పుట్టుకతో వచ్చే లోపం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పుట్టే పిల్లల్లో దాదాపు 6 శాతం మందికి ఏదో ఒక లోపం ఉంటుంది. వీటివల్ల ఏటా సుమారు 2,40,000 మంది పిల్లలు 28 రోజులు నిండకుండానే చనిపోతున్నారు. పెదవి చీలిక, వంకర పాదం లాంటివి కూడా ఈ లెక్కలోకే వస్తాయి కాని వాటితో ప్రాణభయం తక్కువ. ఈ వ్యాసం ప్రాణం మీదికి వచ్చే లోపాల గురించి.

పెదవి చీలికను మనం గ్రహణం మొర్రి అంటాం. గ్రహణం నాడు గర్భిణి కత్తి పట్టుకుంటే, కూరగాయ తరిగితే బిడ్డకు పెదవి తెగుతుందని నమ్మకం. ఒడియా ఇళ్లలోనూ ఇదే భయం ఉంది. పెదవి, అంగిలి అతుక్కునే పని మూడో నెల దాటేలోపే ముగిసిపోతుంది. అయిదో నెలలో గ్రహణం వచ్చిందనీ, కోడలు వంకాయ తరిగిందనీ చెప్పే అత్తగారికి ఈ ఒక్క లెక్క చాలు. వెన్నుపాము గొట్టమైతే ఇంకా ముందే, గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుపోతుంది. అప్పటికి నెల తప్పిన సంగతి కూడా చాలామందికి తెలియదు. ఫోలిక్ యాసిడ్‌ను గర్భం రాకముందే మొదలుపెట్టమనేది అందుకే. మొదటి బిడ్డకు వెన్ను లోపం ఉన్న తల్లులు రెండో కాన్పుకు ముందు ఎక్కువ మోతాదులో ఆ మాత్ర వేసుకుంటే, లోపం మళ్లీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గిందని 1991లో వెలువడిన బ్రిటిష్ పరిశోధన తేల్చింది.

మేనరికం మాట దాటవేయడానికి వీల్లేదు. ఒడిశా వైపు గంజాం, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాల్లో మేనరికం మామూలే, పక్కింటి ఒడియా వాళ్లు మాత్రం ఆ సంబంధం కలుపుకోరు. దాంతో లోపంతో బిడ్డ పుట్టగానే "మీవాళ్లు అలా చేసుకుంటారు కాబట్టే" అనే దెప్పుడు తప్పదు. అందులో కొంత నిజం ఉంది, చాలా అతి ఉంది. ఎవరికైనా తీవ్ర లోపంతో బిడ్డ పుట్టే అవకాశం నూటికి 2 నుంచి 3. మేనత్త, మేనమామ పిల్లలు చేసుకుంటే అది సుమారు రెట్టింపు అవుతుంది. అంటే మేనరికపు దంపతుల్లో నూటికి 90 మందికి పైగా అలాంటి లోపం లేని బిడ్డలే పుడతారు. మేనమామను చేసుకుంటే రక్తసంబంధం ఇంకా దగ్గరిది, ముప్పూ ఇంకొంత ఎక్కువ. చాలా లోపాలకు కారణం చివరిదాకా తెలియనే తెలియదు.

మొదటి అర్థం: వైద్యానికి లొంగనిది

కపాలం పైభాగం, మెదడులో ఎక్కువ భాగం ఏర్పడకుండా పుట్టే బిడ్డలు ఉంటారు. వాళ్లలో చాలామంది కడుపులోనే చనిపోతారు, ప్రాణంతో పుట్టినవాళ్లు కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉంటారు. లేని మెదడును ఏ ఆపరేషనూ తేలేదు. వెంటిలేటర్ పెడితే ఊపిరి సాగుతుంది కాని బతుకు తిరిగి రాదు. అక్కడ "లాభం లేదు" అంటే అక్షరాలా అంతే. ఈ విషయంలో డాక్టర్ల మధ్య పెద్దగా వాదం లేదు.

వాదం మొదలయ్యేది ఈ గీతకు కొంచెం ఇవతల. 13వ క్రోమోజోమ్, 18వ క్రోమోజోమ్ రెండు ఉండవలసిన చోట మూడు ఉంటే గుండె, మెదడు, మూత్రపిండాలు అన్నీ దెబ్బతింటాయి. ఈ పిల్లలది "బతుకుకు పొసగని స్థితి" అని వైద్య పుస్తకాలు దశాబ్దాల పాటు రాశాయి. అలా రాశారు కాబట్టి ఆపరేషన్లు చేయలేదు, చేయలేదు కాబట్టి పిల్లలు పోయారు, పోయారు కాబట్టి రాసింది నిజమే అనిపించింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు లెక్కలు 2016లో వెలువడ్డాయి. ఈ పిల్లల్లో చాలామంది మొదటి వారాల్లోనే చనిపోయినా, 10 శాతం అటూ ఇటూగా పదేళ్ల వయసు దాకా ఉన్నారు. తీవ్రమైన మానసిక, శారీరక వైకల్యంతోనే ఉన్నారు, ఆ మాటా చెప్పాలి. కాని "బతకరు" వేరు, "నూటికి 90 మంది బతకరు" వేరు. డాక్టరు నోట మొదటి వాక్యం విన్న తల్లికి రెండో వాక్యం వినే హక్కు ఉందా? ఉందనే నా అభిప్రాయం. ఆ పది మందిలో మన బిడ్డ ఉంటుందనే ఆశతో నూరు మంది బిడ్డలను సూదులకు, గొట్టాలకు గురిచేయడం న్యాయమా అని అడిగే డాక్టర్లూ ఉన్నారు. వాళ్ల ప్రశ్న కూడా బిడ్డ తరఫున వేసినదే.

రెండో అర్థం: బతుకుతుంది, కాని…

వెన్ను మీద నీటిబుడగలాంటి గడ్డతో పుట్టిన బిడ్డను ఊహించుకోండి. వెన్నెముక మూసుకోక, నరాలు బయటికి వచ్చాయి. మొదటి రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ చేసి మూసేస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు తగ్గుతుంది. తర్వాత ఎక్కువ మంది పిల్లలకు తలలో నీరు చేరుతుంది. దాన్ని కడుపులోకి దింపే సన్నని గొట్టం వేయాలి, అది పూడుకుపోయినప్పుడల్లా మార్చాలి. కాళ్లలో బలం గడ్డ ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మూత్రం తనంత తాను రాదు కాబట్టి రోజుకు నాలుగైదు సార్లు గొట్టంతో తీయాలి. ఈ పనిని తల్లి వారం రోజుల్లో నేర్చుకుంటుంది, బిడ్డ పెద్దయ్యాక తానే చేసుకుంటుంది. తెలివితేటలు చాలామందికి మామూలుగానే ఉంటాయి, బడికి వెళ్తారు.

ఇది లాభమా, నష్టమా? 1971లో ఇంగ్లండులోని షెఫీల్డ్ వైద్యుడు జాన్ లోర్బర్, తాము అంతకుముందు ఇలాంటి బిడ్డలందరికీ ఆపరేషన్లు చేసి చూసిన అనుభవంతో, ఇకపై అందరికీ చేయవద్దని వాదించాడు. పుట్టినప్పుడే కొన్ని గుర్తులు చూసి, తీవ్రత ఎక్కువగా ఉన్నవాళ్లను వదిలేయాలన్నాడు. చాలా ఆసుపత్రులు ఆ దారి పట్టాయి. అమెరికాలో జాన్ ఫ్రీమన్ లాంటి వైద్యులు ఎదురు నిలిచారు. వాళ్ల వాదంలో ఒక మొనదేలిన ముల్లు ఉంది: వదిలేసిన పిల్లలందరూ చనిపోరు. కొందరు బతుకుతారు, సకాలంలో వైద్యం అందనందువల్ల మరింత వైకల్యంతో. మన దగ్గర "పోతుందిలే" అని ఇంటికి తెచ్చుకున్న బిడ్డ, రెండేళ్లకు తల గుమ్మడికాయంత పెరిగి, మంచంలోనే ఉండి, తల్లి ఒడి దిగకుండా బతుకుతూ ఉండడం ఊళ్లలో చూసినవాళ్లకు ఈ వాదం పుస్తకాల్లో చదవనక్కరలేదు.

1982లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మరో బిడ్డ పుట్టాడు. ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండి బుద్ధి ఎదుగుదల నెమ్మదించే డౌన్ సిండ్రోమ్ ఉంది, దానితో పాటు అన్నవాహిక మూసుకుపోయి ఉంది. రెండోది ఆపరేషన్‌తో సరిచేయదగినది. తల్లిదండ్రులు వద్దన్నారు, కోర్టు వాళ్ల నిర్ణయాన్ని కాదనలేదు. బిడ్డ ఆరు రోజులకు చనిపోయాడు. అన్నవాహిక మాత్రమే మూసుకుపోయిన బిడ్డకైతే ఎవరూ ఆపరేషన్ వద్దనేవారు కాదు కదా, అంటే అతణ్ని చంపింది డౌన్ సిండ్రోమ్ మీద మనకున్న అభిప్రాయమే కదా అని దేశం దేశం వాదించుకుంది. 1984లో చట్టం వచ్చింది. కోలుకోలేని అపస్మారకంలో ఉన్నప్పుడు, వైద్యం చావును కొద్దికాలం వాయిదా వేయడం తప్ప మరేమీ చేయలేనప్పుడు, ఫలితం లేకపోగా అమానుషం అయినప్పుడు తప్ప, వైకల్యం ఉందన్న కారణంతో వైద్యం ఆపడం బిడ్డను నిర్లక్ష్యం చేయడమే అని ఆ చట్టం అంది.

నెదర్లాండ్స్ దీనికి పూర్తిగా అవతలి గట్టు. భరించలేని, తగ్గే దారి లేని బాధ ఉన్న శిశువు విషయంలో, తల్లిదండ్రుల అంగీకారంతో, మరో వైద్యుడి పరిశీలన తర్వాత, ప్రాణం తీయడాన్ని కూడా కొన్ని షరతుల మీద అనుమతించే గ్రోనింగెన్ నియమావళిని అక్కడి వైద్యులు 2005లో ప్రపంచానికి వివరించారు. వాళ్లు పరిశీలించిన కేసులన్నీ వెన్ను లోపం ఉన్న పిల్లలవే కావడంతో, ఆ బాధ నిజంగా తగ్గించలేనిదేనా అని ఇతర దేశాల డాక్టర్లు గట్టిగా నిలదీశారు. మన దేశంలో ఇది నేరం. తల్లిదండ్రులు ఒప్పుకున్నా నేరమే.

వికలాంగుల సంఘాలు అడిగే ప్రశ్న ఇంకొకటి: "మా జీవితం ఎలా ఉంటుందో మమ్మల్ని అడిగారా?" వైకల్యంతో బతికేవాళ్లు తమ జీవితానికి వేసుకునే విలువ, డాక్టర్లు బయటి నుంచి వేసే విలువ కన్నా తరచుగా ఎక్కువే ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. తల్లుల మాటా వినాలి. గుణుపూర్ దగ్గర ఒక తల్లి నాతో అంది: "నేను ఉన్నన్నాళ్లు పరవాలేదు. నా తర్వాత?" చక్రాల కుర్చీ ఎక్కేలా బడికి వాలుదారి కట్టినవాళ్లు లేని ఊళ్లో, పింఛను కోసం ధ్రువపత్రానికి జిల్లా కేంద్రం చుట్టూ తిరగవలసిన చోట, ఆవిడ ప్రశ్నను స్వార్థం అనడానికి నాకు నోరు రాదు. అయితే ఆ బరువును సృష్టించింది బిడ్డ వెన్నెముక కాదు, మెట్లు.

మూడో అర్థం: ఉంది, ఇక్కడ లేదు

మన జిల్లాల్లో ఎక్కువ మంది బిడ్డలు పోయేది ఈ మూడో అర్థం దగ్గరే అని నాకు అనిపిస్తుంది. మందుల దుకాణం దగ్గర పెద్దావిడ మనవడినే చూద్దాం.

నోట్లోంచి నురగ వస్తూ, పాలు పడితే దగ్గుతో నీలంగా మారే బిడ్డ విషయంలో చేయవలసిన పరీక్ష చాలా చిన్నది. పెన్సిల్ కన్నా సన్నని గొట్టాన్ని నోట్లోంచి కడుపులోకి దింపాలి. పది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయి మళ్లీ వెనక్కి చుట్టుకుంటే, అన్నవాహిక మూసుకుపోయి ఉందని అర్థం. ఎక్స్‌రేలో ఆ చుట్ట కనిపిస్తుంది. ఆ క్షణం నుంచి నోటికి చుక్క పాలు ఇవ్వకూడదు. తల వైపు ఎత్తుగా పడుకోబెట్టాలి, నోట్లో చేరే ఉమ్మిని పీలుస్తూ ఉండాలి, వెచ్చగా ఉంచాలి. పిల్లల శస్త్రచికిత్స నిపుణుడు ఆపరేషన్ చేస్తే చాలామంది బతుకుతారు. కాని "తేనె చుక్క వేయండి, ఆవుపాలు పట్టి చూడండి" అంటూ ఇంట్లో గడిపే ప్రతి గంటా ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. అప్పుడు లోపం కన్నా న్యుమోనియా పెద్ద సమస్య అవుతుంది.

ఇలాంటిదే పేగులు బొడ్డు పక్క నుంచి బయటికి వచ్చి పుట్టే లోపం. 74 దేశాల ఆసుపత్రులు కలిసి చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ ఒక్క లోపంతో పుట్టిన పిల్లల్లో మరణాలు ధనిక దేశాల్లో నూటికి 1.4, మధ్యాదాయ దేశాల్లో దాదాపు 32, పేద దేశాల్లో 90. బయటికి వచ్చింది అవే పేగులు, మారినది బిడ్డ పుట్టిన చోటు. చుట్టూ శుభ్రమైన ప్లాస్టిక్ సంచి తొడిగి, చలి తగలకుండా, పేగు మెలిపడకుండా పక్కకు పడుకోబెట్టి, సమయానికి చేర్చగలిగారా లేదా అన్నదే ఆ 1.4కూ 90కీ మధ్య ఉన్న తేడాలో పెద్ద భాగం. మలద్వారం లేకుండా పుట్టిన బిడ్డ కథ కూడా ఇంతే. మొదటి నల్లటి విరోచనం 24 గంటల్లో కాలేదని ఎవరో ఒకరు గమనించాలి. కడుపు మీద తాత్కాలిక దారి, తర్వాత అసలు ద్వారం, చివరగా మొదటిదాన్ని మూసేయడం, సాధారణంగా మూడు ఆపరేషన్లు. మధ్య నెలల్లో బొడ్డు పక్కన గుడ్డ కట్టుకున్న బిడ్డను పెంచడానికి తల్లికి ఎవరైనా ఓపికగా చూపించాలి. మొదటి ఆపరేషన్ అయ్యాక మళ్లీ రాని కుటుంబాల్లో చాలా వాటిని ఆపేది డబ్బు కన్నా, "ఆడపిల్ల కదా, ఎవరు చేసుకుంటారు" అన్న మాట.

ఇక రోడ్డు. పర్లాకిమిడి నుంచి బరంపురం పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల పైనే. చిత్రమేమిటంటే ఆ వైద్య కళాశాలకు పెట్టింది మన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరే. ఇటు పాతపట్నం దాటితే ఆంధ్ర, శ్రీకాకుళం దగ్గర, విశాఖపట్నం ఇంకొంచెం దూరం. చుట్టాలు అటే ఉంటారు, మాట అటే వస్తుంది. కాన్పుకు పుట్టింటికి టెక్కలి వెళ్లిన అమ్మాయి బిడ్డ శ్రీకాకుళంలో పుడుతుంది, ఆమె రేషన్ కార్డు గజపతి జిల్లాలో ఉంటుంది. ఆంధ్ర ప్రభుత్వ వైద్యసేవ ఆ రాష్ట్ర కార్డు ఉన్నవాళ్లకే. పెళ్లయ్యాక అటు పేరు తీసేసి, ఇటు ఇంకా ఎక్కించని కోడళ్లు ఎంతమందో. ఒడిశా 2025లో కేంద్రం ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, మహిళలకు అదనంగా మరో 5 లక్షలు. ఈ కార్డు జాబితాలో ఉన్న ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లో కూడా చెల్లుతుంది. సరిహద్దు వాళ్లకు ఇది పెద్ద మార్పు. అయినా అర్ధరాత్రి, ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డతో, "ఇది మా దగ్గర నడుస్తుందా" అని కౌంటరు దగ్గర అడిగేది తండ్రే.

ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బు పడ్డ నవజాత శిశువుకు ఉచిత వైద్యం, రవాణా 2011 నుంచి ఉన్నాయి. పుట్టుకతో వచ్చే లోపాల్లో తొమ్మిదింటిని గుర్తించి వైద్యం చేయించే జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. కాన్పు జరిగిన చోటే నర్సు, ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త బిడ్డను తల నుంచి కాలి దాకా చూడాలన్నది అందులో భాగం. మంచి పథకం, కాని గుండె ఆపరేషన్ కోసం నెల ఆగగలిగిన బిడ్డకు పనికొచ్చినంతగా, ఆరు గంటలు ఆగలేని బిడ్డకు పనికిరాదు.

పుట్టకముందు చట్టం, పుట్టాక చట్టం

18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూడడానికి చేసే టిఫా స్కాన్‌లో మెదడు లేని బిడ్డ, వెన్ను మీద గడ్డ చాలావరకు కనిపిస్తాయి. అన్నవాహిక మూసుకుపోవడం, మలద్వారం లేకపోవడం, గుండె లోపాల్లో ఎన్నో తప్పించుకుంటాయి. "స్కాన్‌లో అంతా బాగుందన్నారు" అని తర్వాత కోపం తెచ్చుకునేవాళ్లకు ఈ తేడా ముందే చెప్పి ఉండవలసింది.

గర్భస్రావ చట్టానికి 2021లో జరిగిన సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం, కొన్ని వర్గాల మహిళలకు 24 వారాల దాకా ఇద్దరి అభిప్రాయం చాలు. బిడ్డకు తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ తర్వాత కూడా చేయించుకోవచ్చు, దానికి గడువు లేదు. బోర్డు మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. 2008లో బొంబాయి హైకోర్టు, కడుపులో బిడ్డకు గుండె లోపం ఉందని 20 వారాలు దాటాక తెలుసుకున్న దంపతుల అర్జీని తోసిపుచ్చింది. అప్పుడు మొదలైన చర్చ ఈ సవరణ దాకా వచ్చింది. మన ఊళ్లలో చాలామందికి మొదటి స్కాన్ ఏడో నెలలో జరుగుతుందని గుర్తు పెట్టుకుంటే, "గడువు లేదు" అన్న మాటకు ఎంత విలువ ఉందో తెలుస్తుంది. "తీవ్ర లోపం" అంటే ఏది అన్నది చట్టం విప్పి చెప్పలేదు. డౌన్ సిండ్రోమ్ దాని కిందికి వస్తుందా అంటే ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పవచ్చు.

బిడ్డ భూమి మీద పడ్డ క్షణంలో చట్టం పూర్తిగా మారిపోతుంది. నిన్నటి దాకా గర్భం, ఈరోజు పౌరుడు. వదిలి వెళ్తే భారతీయ న్యాయ సంహిత 93వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. పెంచలేమనుకుంటే శిశు సంక్షేమ కమిటీ ముందు అప్పగించే దారి ఉంది, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఇస్తారు. ఇది ఉందని తెలియకనే కొందరు చెట్ల కింద వదిలేస్తారు.

మరి వైద్యం ఆపడం? నవజాత శిశువుల కోసం ప్రత్యేకంగా చట్టం లేదు. గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కోలుకోలేని రోగికి ప్రాణాధార వైద్యం ఆపడానికి వైద్యుల బోర్డులు, కుటుంబ అంగీకారం ఉండాలంది, 2023లో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం ఎప్పుడు చేయనక్కరలేదన్నదానికి వైద్య పరిశోధన మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్ద ఆసుపత్రుల్లో ఇవి నడుస్తాయి. జిల్లా ఆసుపత్రిలో నడిచేది వేరు: "సంతకం పెట్టి తీసుకెళ్లండి." వైద్యుల సలహాకు వ్యతిరేకంగా తీసుకెళ్తున్నామని తండ్రి రాసిస్తాడు. డాక్టరుకు కేసు భయం తీరిపోతుంది. బిడ్డ ఆటోలో, ఆక్సిజన్ లేకుండా, నొప్పికి మందు లేకుండా ఇంటికి వస్తుంది. నిర్ణయం జరిగింది, కాని ఎవరూ తీసుకోలేదు. ఈ కాగితం నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. ఎక్కువసార్లు ఆ సలహా ఇచ్చింది డాక్టరే, "వ్యతిరేకంగా" అని రాసింది తండ్రి.

సంతకం ఎవరిది

ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బు పడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో, మనవాళ్ల మాటలో గాజు పెట్టెలో, పడుకున్న బిడ్డ చేతికి కట్టిన చీటీ మీద బిడ్డ పేరు ఉండదు. "ఫలానా ఆమె బిడ్డ" అని తల్లి పేరు ఉంటుంది. కాగితాల మీద సంతకం మాత్రం తండ్రిది, మామగారిది, లేకపోతే బాబాయిది. తల్లి కుట్లతో, పురిటి మంచం మీద ఊళ్లో ఉంటుంది. పది రోజుల మైల అంటారు. పాలు పిండి గ్లాసులో పంపిస్తుంది, ఏం జరిగిందో ఫోనులో వింటుంది, అదీ సగం. "ఆవిడకు చెప్పకండి, తట్టుకోలేదు" అని మగవాళ్లు డాక్టరుతో అంటారు. ఆవిడ తట్టుకున్నది తొమ్మిది నెలలని ఆ గదిలో ఎవరికీ గుర్తుండదు.

బిడ్డ మేలే కొలత కావాలన్నది చాలామంది ఒప్పుకునే సూత్రం. ఆ మేలు ఏదో ఎవరు చెప్పాలన్నదాని మీదే తగవు. తల్లిదండ్రులదే తుది మాట అనేవాళ్లు, బతుకంతా మోసేది వాళ్లే కదా అంటారు. డాక్టర్లదే అనేవాళ్లు, మొదటి రోజు దిగ్భ్రాంతిలో తీసుకున్న నిర్ణయం మూడో రోజు ఉండదని అనుభవంతో చెబుతారు. మధ్యే మార్గం ఒకటి పెద్ద ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది: తప్పక బతికించగలిగిన చోట తల్లిదండ్రులు వద్దన్నా వినకూడదు, తప్పక పోయే చోట వాళ్లు కావాలన్నా బాధించకూడదు, నడిమి బూడిదరంగు చోట వాళ్ల మాటే నడవాలి. చెప్పడానికి తేలిక. ఏ బిడ్డ ఏ గీతకు ఇవతల ఉందన్నది, గుండె స్కాన్ చూడగల డాక్టరు వంద కిలోమీటర్ల అవతల ఉన్నప్పుడు, ఊహ మాత్రమే. అందుకే కొందరు డాక్టర్లు ముందు వెంటిలేటర్ పెట్టి, స్పష్టత వచ్చాక ఆపుదాం అంటారు. నీతిశాస్త్రం లెక్కలో మొదలుపెట్టకపోవడం, మొదలుపెట్టి ఆపడం ఒకటే. తండ్రి లెక్కలో ఒకటి కాదు. గొట్టం తీసేది తన మాట మీద కాబట్టి.

ఏమీ చేయకపోవడం కాదు

మొదటి అర్థంలో నిజంగా లాభం లేని బిడ్డకు కూడా చేయవలసిన పని ఉంది. వెచ్చదనం, తల్లి ఛాతీ మీద ఒంటికి ఒంటిని ఆనించి పడుకోబెట్టడం, మింగగలిగితే చుక్కలుగా పాలు, ఊపిరి అందక తన్నుకుంటుంటే కొద్ది మోతాదు మార్ఫిన్. పసిబిడ్డకు నొప్పి తెలియదని 1980ల దాకా చాలా చోట్ల నమ్మారు, సరైన మత్తు లేకుండానే ఆపరేషన్లు చేశారు. నొప్పి తెలుస్తుందని, దానివల్ల ఒంటికి హాని కూడా జరుగుతుందని 1987 నాటికి పరిశోధనలు తేల్చాయి. మన జిల్లా ఆసుపత్రుల్లో ఇప్పటికీ మార్ఫిన్ దొరకడం కష్టం. సూది గుచ్చేముందు నోట్లో రెండు చుక్కల పంచదార నీళ్లు వేయడానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కరలేదు.

ఒక్క గంట బతికిన బిడ్డకైనా జననం, మరణం రెండూ నమోదు చేయాలి. పేరు గడి ఖాళీగా ఉంచినా నమోదు చెల్లుతుంది. జనన నమోదుకు గడువు 21 రోజులు, చాలా ఇళ్లలో బారసాల జరిగేదీ అప్పుడే.

పెద్దావిడ మనవడు బరంపురం వెళ్లాడు. ఆపరేషన్ జరిగింది. అయిదు వారాలు అక్కడే ఉన్నారు, రెండుసార్లు వెంటిలేటర్ మీదికి వెళ్లి వచ్చాడు. మొన్న అదే మందుల దుకాణం దగ్గర కనిపించారు. పిల్లవాడు నడుస్తున్నాడు. అతికించిన చోట అన్నవాహిక బిగుసుకుంటుంది కాబట్టి కొన్ని నెలలకోసారి వెడల్పు చేయించాలట. ఆవిడ చేతిలో ఇడ్లీ పొట్లం ఉంది. ఒక్కొక్క తునకను వేళ్లతో మెదిపి, పాలలో ముంచి, వాడి నోట్లో పెట్టి, మింగేదాకా గొంతు వైపే చూస్తోంది. ఈసారి కాగితం చదవమని అడగలేదు. బరంపురం వెళ్లవలసిన తేదీ ఏ వారం పడుతుందో, ఆ రోజు తెల్లవారుజామున బస్సు ఉందో లేదో కనుక్కోమంది.